మా తాత తుపాకీలో రెండో గుండు

ఆ రోజుల్లో లోకంలో బాగుచేయలేని యంత్రం ఉండదని నాకు గట్టి నమ్మకం. మెకానికల్ డిప్లొమా ముగించి, కోయంబత్తూరు పక్కన తుడియలూరులో మా మామ నడిపే పంపుల వర్క్‌షాపులో చేరి ఏడాది కూడా కాలేదు. అప్పటికే చొక్కా జేబులో మైక్రోమీటరు పెట్టుకుని తిరిగేవాణ్ణి. అన్నానికి కూర్చుంటే దోసె మందం కొలవాలనిపించేది (ఒకసారి కొలిచాను కూడా, మా అత్త ఆ రోజు నాకు రెండో దోసె వేయలేదు). ఆ వయసులో తెలివి లేకపోతే ఎవరికీ నష్టం లేదు. తెలివి ఉందన్న అనుమానం పుడితేనే ఇంటిల్లిపాదికీ కష్టం. ఆ అనుమానం నాలో బాగా ముదిరిన ఏడాదే మా మామ తన తుపాకీ సంగతి నా చెవిన వేశాడు. ఆ తర్వాత నాలుగు నెలల పాటు నేను నవ్విన గుర్తు లేదు.

మామ అంటే మా అమ్మకు అన్న. తుపాకీ అసలు వాళ్ళ నాన్నది, అంటే మా తాతది. పంట మీద పడే పందుల్ని బెదిరించడానికని ఎప్పుడో లైసెన్సు తీసుకుని కొన్న ఇరవైరెండు బోరు రైఫిలు. తాత పోయాక లైసెన్సు మామ పేరుకు మారింది. చూడ్డానికి సన్నగా, ముచ్చటగా ఉండేది. అది సెమీ ఆటోమేటిక్, అంటే ఒక్కో గుండుకూ బోల్టు లాగనవసరం లేదు. గుండు పేలిన దెబ్బకు బోల్టు తానే వెనక్కి వెళ్తుంది, వెళ్తూ ఒక చిన్న కొక్కితో ఖాళీ తొడుగును బయటికి లాగి పారేస్తుంది, స్ప్రింగు తోస్తే ముందుకు వస్తూ కొత్త తూటాను లోపలికి నెడుతుంది. మనం చేయాల్సిందల్లా గురి చూసి వేలు నొక్కడమే. పుస్తకంలో అలాగే రాసి ఉంది. మా తుపాకీ ఆ పుస్తకం చదవలేదు. మొదటి గుండు మాత్రం ఠంచనుగా పేలేది. తర్వాత ఖాళీ తొడుగు సగం బయటా సగం లోపలా ఇరుక్కుపోయి, మింగలేక కక్కలేక నోరు తెరుచుకుని ఉండేది. మామ అగ్గిపుల్లతో దాన్ని గీకి, పీకి, మళ్ళీ గురి చూసి ఇంకొకటి పేల్చేవాడు. మళ్ళీ ఇరుక్కునేది. ఆయన అగ్గిపెట్టె ఉంచుకునేది ఇందుకే తప్ప, జన్మలో బీడీ ముట్టిన మనిషి కాడు.

మా అత్తకు ఆ తుపాకీ అంటే సవతి మీద ఉండేంత ప్రేమ. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ దాన్ని పోలీసు స్టేషనులో అప్పగించి రావాలి, అయిపోయాక తెచ్చుకోవాలి, లైసెన్సు రెన్యువలుకు తిరగాలి. పేలని దానికి ఇంత ఊడిగం ఏమిటని ఆమె బాధ, న్యాయమైన బాధే. ఆ ఏడు ఒక రోజు సాంబారు వడ్డిస్తూ గరిటె పట్టుకునే, దాన్ని ఉంచుతావో వదిలిస్తావో తేల్చమంది. మామ చాలాసేపు అన్నం కలిపి, చివరికి మాట ఇచ్చేశాడు. విజయదశమికి ఆయన వెళ్ళే రైఫిల్ క్లబ్బులో ప్రతి ఏడూ ఒక పోటీ పెడతారు. తగిలితే పడిపోయే ఇనప బిళ్ళలు పది, గుండ్లు పది, ముప్పై సెకన్లు. ఈసారి పదీ ఆగకుండా పేలకపోతే తుపాకీని సరెండరు చేసేస్తానన్నాడు. అని, అన్నం సగంలో వదిలి లేచి చెయ్యి కడుక్కున్నాడు. పదిమందిలో గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి, ఆ రోజు సాయంత్రం షెడ్డు వెనక నన్ను నిలబెట్టి, "ఎట్లయినా దాన్ని నిలబెట్టురా, అది ఇంట్లో నుంచి పోకూడదు" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. యంత్రం అప్పగిస్తే కారణాలు అడిగే వయసు కాదు అది.

పనికి షరతులున్నాయి. లైసెన్సు మామది కాబట్టి నేను తుపాకీ ముట్టుకున్నంతసేపూ ఆయన పక్కన కుర్చీలో ఉండాలి. ఒక్క భాగాన్ని కూడా అరగదీయకూడదు, మార్చకూడదు. కడగవచ్చు, తుడవవచ్చు, తూటాలు మార్చి చూడవచ్చు. అంతకు మించితే లైసెన్సున్న తుపాకుల మేస్త్రీకే ఇవ్వాలి. ఆ మేస్త్రీ దగ్గరికి ముందే వెళ్ళాం. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, బోల్టు రెండు సార్లు ఆడించి, ఇది జబ్బు కాదు, గుణం, అని తమిళంలో చెప్పి తిరిగి ఇచ్చేశాడు. చదువుకోనివాడు కదా పాపం అని నేను లోలోపల జాలిపడ్డాను. (ఆ ముసలాయన అన్నది ఎంత నిజమో తెలిశాక ఇప్పటికీ ఆ వీధిలో తల వంచుకునే నడుస్తాను.)

మొదటి నెల గ్రీజుకే పోయింది. పంపులు చేసేవాళ్ళకు ఒక మతం ఉంది, కదిలేదానికల్లా గ్రీజు పెట్టడం. మామ పదేళ్ళుగా ఆ తుపాకీకి బేరింగు గ్రీజు పెడుతూనే ఉన్నాడు. పాతది తీయడం మర్యాద కాదన్నట్టు దాని మీదే కొత్తది. కిరసనాయిలుతో కడిగితే ఒక చిప్పెడు నల్లటి జిగురు వచ్చింది. చిన్న తూటాకు మైనం పూత ఉంటుంది, మసి ఉంటుంది, అదీ ఇదీ కలిసి లోపల హల్వా అయింది. కడిగి, ఆరబెట్టి, సన్నటి నూనె ఒక్క చుక్క రాసి, ఆదివారం క్లబ్బుకు తీసుకెళ్ళాం. ఒకటి పేలింది. రెండోది రాలేదు.

రెండో నెల తూటాలు. మామ వాడేవి పోటీలకని ప్రత్యేకంగా చేసినవి, నెమ్మదిగా, చప్పుడు లేకుండా వెళ్ళేవి, అన్నిటికంటే ఖరీదైనవి. మా కోయంబత్తూరు నాయుళ్ళకు వస్తువు ఖరీదైతే పనిచేయకపోయినా గౌరవం తగ్గదు. ఆ మెత్తని దెబ్బ బోల్టును పూర్తిగా వెనక్కి తోయడానికి చాలదని నేను లెక్క కట్టి చెప్పాను. మామూలు తూటాలు, కాస్త వేగంగా పోయేవి, తెప్పించాం. మామ వాటిని డబ్బాలోంచి తీసేటప్పుడు ముఖం అటు తిప్పుకున్నాడు. ఆ ఆదివారం రెండోది పేలింది. మూడోది ఇరుక్కుంది. నోటుబుక్కులో నేను నూటికి నూరు శాతం అభివృద్ధి అని రాసుకున్నాను. ఒకటి రెండయింది కదా, లెక్క తప్పు కాదు. తర్వాతి ఆదివారం మళ్ళీ ఒకటికే వచ్చింది.

మూడో నెల గురించి చెప్పడానికి ఏమీ లేదు, చెప్పుకుంటే సిగ్గు. మ్యాగజైను విప్పి కడిగాను. స్ప్రింగు పొడుగు కొలిచాను. ఒక పెద్ద అట్ట మీద చేప ఎముకలా గీతలు గీసి, ఒక్కో ఎముక మీద ఒక్కో కారణం రాసి షెడ్డు గోడకు తగిలించాను. టర్నరు ఒకాయన దాన్ని చూసి, చేప బాగుంది, కుళంబు (పులుసు) ఎప్పుడు అని అడిగితే స్పానరు విసిరాను. (తగల్లేదు. నాది మామ గురి కాదు.) రాత్రి కళ్ళు మూసుకుంటే ఆ ఇత్తడి తొడుగు నోట్లో పుల్లలా అడ్డుపడి కనిపించేది. నేను ఇంజనీరును కానని, ఎన్నటికీ కానని, ఈ డిప్లొమా తిరిగి ఇచ్చేసి మదురైలో మా చిన్నాన్న పెట్టిన పాల డిపోలో కూర్చోవడం మేలని నిజంగానే అనుకున్నాను.

ఇంట్లో నన్ను ఓదార్చింది ఒక్క అవ్వే. అవ్వ అంటే మామ తల్లి, మా అమ్మమ్మ. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మేం తిరిగి రాగానే ఎన్ని పేలాయని అడిగేది. ఒకటే అవ్వా అని నేను ఏడుపు ముఖం పెడితే, పోనీలే సామీ అని నా కంచంలో ఇంకో అప్పడం వేసేది. ఆ ముఖంలో ఎంత తృప్తి ఉండేదో. మనవడి మీద ప్రేమ అనుకునేవాణ్ణి.

ఆయుధపూజకు వారం ఉందనగా, అంతా వదిలేసినవాడిలా కూర్చుని, బోల్టు మీది కొక్కిని ఊరికే సూదితో గీకుతున్నాను. కొక్కి కింద గాడిలోంచి బియ్యపు గింజంత పసుపు పచ్చటి పెళ్ళ ఊడి పడింది. రాయిలా గట్టిగా ఉంది. మైనమో, ఇత్తడి పొడో, గ్రీజు గడ్డకట్టిందో తెలియలేదు. వాసన చూస్తే కిరసనాయిలు వాసనే. దాని అడుగున ఇంకొకటి, దాని అడుగున ఇంకొకటి, చెట్టు మాను వలయాల్లా పొరలు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు నాలుగు నెలలకు ఇది దొరికింది. ఆ కొక్కి తొడుగును గట్టిగా పట్టకపోవడానికి కారణం ఇదే. అంతా గీకి తీసేసి నోటుబుక్కులో తమిళంలో ఇలా రాశాను (తెలుగు అక్షరాలు నేను నేర్చుకున్నది చాలా కాలం తర్వాత): "పసుపు పదార్థం. మూలం తెలియదు. పూర్తిగా తొలగించాలి."

మరునాడు క్లబ్బులో పదీ పేలాయి. ఆగకుండా. మళ్ళీ పది నింపాం, అవీ పేలాయి. మామ కింద పడ్డ ఖాళీ తొడుగులన్నీ ఏరి, రుమాల్లో మూట కట్టుకుని, ఇంటికి తెచ్చి అత్త ముందు విప్పాడు. అత్త ఓడిపోయినదానిలా నవ్వింది. నేను అవ్వ వైపు తిరిగి పదీ పేలాయవ్వా అన్నాను. ఆమె చేతిలో అప్పడం అలాగే ఉండిపోయింది. నాకు వేయలేదు.

ఆయుధపూజ నాడు వర్క్‌షాపంతా కడిగి, లేతులకూ డ్రిల్లింగు మిషన్లకూ అరటి మొక్కలు కట్టి, స్పానర్లన్నీ వరసగా పరిచి పొరి (అంటే మరమరాలు), శనగలు, పండ్లు పెట్టాం. మామ తుపాకీని తెరిచి తూటా ఒక్కటీ లేదని చూపించి ఎర్ర గుడ్డ మీద పడుకోబెట్టాడు. చందనం గిన్నె పట్టుకుని బొట్లు పెట్టే హక్కు ఇంట్లో అవ్వదే. ఆమె ఒక్కో మిషను దగ్గర ఆగి, బొటనవేలితో చందనం, మీద కుంకుమ పెడుతూ వచ్చింది. తుపాకీ దగ్గర వంగింది. వెనక కట్టె పిడి మీద ఒక బొట్టు పెట్టింది. తర్వాత చుట్టూ ఒకసారి చూసి, ఎడమ చేత్తో బోల్టును వెనక్కి లాగింది. డెబ్బై అయిదేళ్ళ మనిషి, మా టర్నరు కంటే సులువుగా లాగింది. కుడి బొటనవేలి నిండా చందనం తీసుకుని లోపలికి పోనిచ్చింది.

ఆ పసుపు రంగు నాకు తెలుసు. నాలుగు నెలలు నా నిద్ర తిన్న రంగు.

"అవ్వా, ఏం చేస్తా ఉండావు?"

"బొట్టు పెడతా ఉండాను."

"బొట్టు బయట గదా పెట్టేది."

"దీనికి లోపలే సామీ. ముప్పై ఏండ్లుగా లోపలే."

నా ఒళ్ళు మండిపోయింది. మామ పూజారితో మాట్లాడుతున్నాడు కాబట్టి గొంతు తగ్గించి, నా నాలుగు నెలలూ, మామ ఇచ్చిన మాటా, రేపటి పోటీ అన్నీ కలిపి ఆమె మీద కుమ్మరించాను. ఆమె అంతా విని, చీర చెంగుతో వేలు తుడుచుకుని, గుమ్మడికాయ పక్కన పీట మీద కూర్చుంది. అప్పుడు చెప్పింది. ముప్పై ఏళ్ళ కిందట మా తాతకూ, పక్క తోట ఆయనకూ ఒకే బావి. వంతుల వారీగా మోటారు వేసుకునేవాళ్ళు. ఆయుధపూజ మరునాడు ఆ పక్కాయన వంతు తప్పి మోటారు వేశాడు. మాటా మాటా పెరిగింది. తాత కోపం నాకు తెలియదు, నాకు ఊహ వచ్చేసరికి ఆయన పొరి నమిలే ముసలాయన. ఆ రోజు ఇంట్లోకి వచ్చి తుపాకీ తీసుకుని వెళ్ళాడట.

"మొదటి గుండు ఆకాశంలోకి కొట్టినాడు" అంది అవ్వ. "రెండోదానికి తుపాకీని ఆకాశంలోకి ఎత్తలేదు సామీ."

రెండోది పేలలేదు. ముందు రోజు అవ్వ తెలియక పెట్టిన చందనం ఎక్కడో లోపలికి కారి ఉంది, తొడుగు ఇరుక్కుంది. తాత దాన్ని పీకడానికి గోళ్ళతో పెనుగులాడుతూ నిలబడ్డాడు. ఆ పెనుగులాటలో, చూస్తూ ఉండగానే, ఆయన ముఖంలోంచి కోపం దిగిపోయిందట. తుపాకీ కింద పెట్టి బావి గట్టు మీద కూర్చుని ఏడ్చాడట. ఆ మరుసటి ఏడు నుంచి అవ్వ తెలిసే పెట్టడం మొదలుపెట్టింది.

"ఎదురుగా నిలబడిండిన ఆయన ఎవురనుకున్నావు? మీ నాయన్ని కన్న ఆయనే."

మా నాన్న నాన్నా, అమ్మ నాన్నా ఆదివారాలు అరుగు మీద దాయాల పాచికలు ఆడుకోవడం నేను కళ్ళారా చూశాను. ఒకరి తమలపాకు ఒకరు లాక్కునేవాళ్ళు. ఆ తగవు పూర్తిగా పోవాలని పెద్దలు కూర్చుని సంబంధం కలిపారట. ఈ ఇంటి పిల్లను ఆ ఇంటికిచ్చారు. ఆ పెళ్ళికి నేను పుట్టాను. పుట్టి, చదువుకుని, జేబులో మైక్రోమీటరు పెట్టుకుని వచ్చి, ఆ రోజు ఆ తుపాకీ ఎందుకు ఆగిందని నాలుగు నెలలు దాన్ని తిట్టుకున్నాను.

నాకు ఇంకా ఓడిపోవడం ఇష్టం లేదు. తాత పోయి పదేళ్ళయింది కదా, ఇంకా ఎందుకు అని అడిగాను.

"ఆయన పోయినాడు. తుపాకీ పోలేదు గదా" అంది అవ్వ. తర్వాత గిన్నె నా చేతిలో పెట్టింది. "నువ్వు చదివినోడివి. యాడ పెట్టాలో నువ్వే పెట్టు."

గిన్నె పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఒకవైపు మామ మాట, ఒకవైపు నా పుట్టుక. చివరికి అవ్వ పెట్టింది గుడ్డతో తుడిచేసి, కట్టె మీదే ఇంకో బొట్టు పెట్టాను. అవ్వ గుమ్మడికాయ కొట్టడానికి లేచి వెళ్ళింది.

విజయదశమి పొద్దున మామ తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. అంతకుముందు ఏళ్ళలో ఆయన ఆ ముప్పై సెకన్లలో ఆగుతూ, గీకుతూ, నాలుగైదు గుండ్లే పేల్చేవాడు. కానీ పేల్చిన ప్రతిదానికీ ఒక బిళ్ళ పడేది. ఈసారి ఈల వేయగానే మొదటిది పేలింది, మొదటి బిళ్ళ పడింది. అలవాటుగా ఆయన చెయ్యి అగ్గిపెట్టె కోసం జేబు వైపు వెళ్ళబోయింది. తుపాకీ అప్పటికే రెండో తూటాతో సిద్ధంగా ఉంది. ఆయన కంగారుపడి నొక్కాడు. అది మళ్ళీ సిద్ధం. మళ్ళీ నొక్కాడు. పదేళ్ళుగా ఆ ఆగడంలోనే ఆయన ఊపిరి పీల్చేవాడు, చెమట తుడిచేవాడు, గురి చూసేవాడు. ఇప్పుడు ఆ సందు లేదు. పన్నెండు సెకన్లలో పదీ పేలాయి. వెనకున్న మట్టి గట్టు దుమ్ము రేగింది. దుమ్ము అణగాక చూస్తే తొమ్మిది బిళ్ళలు రాజాల్లా నిలబడి ఉన్నాయి. మామ అందరికంటే ఆఖరున వచ్చాడు. తమ ఎరుకలో పదికి ఒకటి కొట్టినవాడు లేడని క్లబ్బు పెద్దలు చెప్పుకున్నారు.

ఆయన మాత్రం వేడిగా ఉన్న తుపాకీని ఖాళీ చేసి చూపించి, నా దగ్గరికి వచ్చి, "ఆగలేదు గదరా" అన్నాడు. మాట నిలబడింది, తుపాకీ ఇంట్లోనే ఉంటుంది. కార్లో కొంత దూరం వెళ్ళాక మాత్రం, గురి చూసేదానికి అది పొద్దే ఇవ్వలేదని చిన్నగా అన్నాడు. ఇక నా వల్ల కాలేదు. అవ్వ చెప్పిందంతా చెప్పేశాను. మామ రైల్వే గేటు దగ్గర ఇంజను ఆపాడు. గేటు తెరిచినా కదలలేదు, వెనక లారీవాడు హారను కొట్టాడు.

"ఆ దినం నేను ఆడనే నిలబడిండాను. ఇరవై ఏండ్లోణ్ణి. అప్పాను పట్టుకునేదానికి కాలు రాలే నాకు" అన్నాడు. "గుండు ఇరుక్కుంటే దేవుడనుకుంటిని. ఇన్నేండ్లు దాన్ని ఇంట్లో పెట్టుకునింది అందుకే. మా అమ్మ బొటనవేలా?"

మరుసటి ఆయుధపూజకు తుపాకీని ఎర్ర గుడ్డ మీద పెట్టి, మామే అవ్వను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, ఎప్పుడూ పెట్టే చోటే పెట్టమన్నాడు. ఆ విజయదశమికి నాలుగు పేల్చి నాలుగు కొట్టాడు. ఆగినప్పుడల్లా అగ్గిపుల్ల తీసుకుని నెమ్మదిగా గీకుతుంటే, ఆయన ముఖంలో అంత శాంతం నేనెప్పుడూ చూడలేదు. నా నాలుగు నెలల అభివృద్ధి అలా ముగిసింది.

ఇప్పుడు నేను పీలమేడులో ఒక కంపెనీలో నాణ్యత విభాగానికి పెద్దని. ఎక్కడా ఏదీ ఆగకూడదని రోజూ కుర్రాళ్ళ మీద కేకలేస్తాను, జీతం దానికే ఇస్తారు. మామ క్లబ్బుకు వెళ్ళడం మానేశాడు. అవ్వ పోయింది. చందనం గిన్నె నా చేతికి వచ్చింది. మామ పక్కన కుర్చీలో కూర్చుని తుపాకీని ఖాళీ చేసి చూపిస్తాడు, నేను బోల్టు వెనక్కి లాగి కొక్కి కింద బొటనవేలు పెడతాను. మొన్న పాత అట్టపెట్టెలో ఆ నోటుబుక్కు దొరికింది. పసుపు పదార్థం, మూలం తెలియదు, పూర్తిగా తొలగించాలి. కింద నా సంతకం, పొడి అక్షరాల్లో డిప్లొమా. ఆ పిల్లవాణ్ణి పిలిచి, ఒరేయ్, ఆ మూలంలోంచే నువ్వొచ్చావు అని చెప్పాలనిపించింది. నవ్వు వచ్చింది, కళ్ళు కూడా తడిశాయి. కలం తీసి 'పూర్తిగా తొలగించాలి' అన్న ఆ ఆఖరి మాట ఒక్కటి కొట్టేసి, చందనం అరగదీయడానికి లేచాను.